గజేంద్రమోక్షం: పద్యంలో పిలవని గరుత్మంతుడు పటంలో ఎందుకున్నాడు?

సింహాద్రి సంపెంగ (ఆదివారం, ఉదయం 10.40)

అందరికీ నమస్కారం. అమ్మ ఎం.వి.పి. కాలనీలోని పాత ఇల్లు ఖాళీ చేసి మా దగ్గరకు వచ్చేస్తుండటంతో నిన్న పూజగదిలోని పటాలన్నీ దింపి తుడిచాము. వాటిలో చెమ్మకు అంచులు పసుపెక్కిన గజేంద్రమోక్షం పటం ఒకటి ఉంది. శంఖచక్రాలు ధరించిన చతుర్భుజుడైన విష్ణువు గరుత్మంతుని మీద కూర్చుని ఆకాశం నుంచి దిగుతుంటాడు. కిరీటం చెదరలేదు, హారాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. కింద కొలనులో ఏనుగు తొండంతో తామరపువ్వు పైకెత్తింది, మొసలి దాని వెనకకాలు పట్టింది.

అమ్మ ఆ పటం తుడుస్తూ అలవాటు కొద్దీ పోతన పద్యం అందుకుంది. "సిరికిం జెప్పడు, శంఖచక్రయుగముం జేదోయి సంధింప, డే పరివారంబును జీర, డభ్రగపతిం బన్నింప..." అక్కడికి వచ్చేసరికి నాకు సందేహం కలిగింది. లక్ష్మికి చెప్పలేదు, శంఖచక్రాలు చేత పట్టలేదు, గరుత్మంతుణ్ణి సిద్ధం చేయలేదు అని పద్యం స్పష్టంగా చెబుతుంటే, చెయ్యలేదన్నవన్నీ చేసినట్టే పటంలో ఉన్నాయి. ఈ పటం ముందే అరవై ఏళ్ళుగా ఈ పద్యం చదువుతున్న అమ్మకు ఒక్కనాడూ తేడా తోచలేదట. చిత్రకారుడు పద్యం చదవకుండా వేశాడా, లేక నేనే తప్పుగా చూస్తున్నానా? అద్దం మార్పించడానికి పటాన్ని పూర్ణా మార్కెట్టు దగ్గర అంగడిలో ఇచ్చాను. అది తిరిగి వచ్చేలోగా ఎవరైనా చెప్పగలరని ఆశ.

పాత తెలుగు మాస్టారు (ఆదివారం, మధ్యాహ్నం 12.15)

అమ్మా, మీరు తప్పుగా చూడలేదు, చిత్రకారుడూ తప్పు చేయలేదు. ఆయన వేసింది పోతన కథ కాదు, వ్యాసుని కథ. సంస్కృత భాగవతం అష్టమ స్కంధంలో విష్ణువు చక్రం ధరించి, వేదమయుడైన గరుత్మంతుని మీద వేగంగా వస్తాడు. ఆయన రావడం ఆకాశంలో చూసిన గజేంద్రుడు తామరపువ్వు ఉన్న తొండాన్ని కష్టం మీద పైకెత్తి, నారాయణా, అఖిలగురూ, నీకు నమస్కారం అంటాడు. మీ పటంలో ఉన్న ఆ పువ్వు సరిగ్గా అక్కడిదే. తరువాత విష్ణువు గరుత్మంతుని మీద నుంచి దిగి, మొసలితో సహా ఏనుగును ఒడ్డుకు లాగి, చక్రంతో మొసలి నోరు చీలుస్తాడు.

పదిహేనో శతాబ్దిలో బమ్మెర పోతన ఈ ఘట్టాన్ని తెలుగు చేస్తూ, మూలంలో లేని వైకుంఠాన్ని మధ్యలో నిలబెట్టాడు. మొర వినబడిన క్షణంలో ఆయన ఎక్కడ ఉన్నాడు, ఏం చేస్తున్నాడు, ఎలా లేచాడు అన్నవి మూలంలో కనిపించవు. "అల వైకుంఠపురంబులో", "సిరికిం జెప్పడు" పద్యాలు రెండూ ఆ ఖాళీలో పుట్టినవే. దేశమంతటా బొమ్మలు వేసినవారికి మూలం అందుబాటులో ఉన్నట్టు ఈ రెండు తెలుగు పద్యాలు ఉండవు కదా.

డాల్ఫిన్ కొండ (ఆదివారం, మధ్యాహ్నం 1.05)

నాకు ఇందులో ఇంత చర్చ ఉందని తోచడం లేదు. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చు యంత్రం పెట్టిన తరువాత దేవుళ్ళ పటాలు చవకగా ఇంటింటికీ చేరాయి. ఆపై వచ్చిన పటాల వాళ్ళు ఒకరిని చూసి ఒకరు వేశారు. విష్ణువు అంటే నాలుగు చేతులు, శంఖం, చక్రం, కింద గరుత్మంతుడు. ఇవి లేకపోతే కొనేవాడు ఆయనను గుర్తుపట్టడు. అంగట్లో అమ్ముడుపోవలసిన బొమ్మకు పద్యంతో పొంతన వెతకడం అనవసరం. నేను ఓడరేవులో సరుకు లెక్కలు చూసుకునేవాణ్ణి కాబట్టి నా చూపు ఇలాగే ఉంటుంది, మన్నించాలి.

కుంచె (ఆదివారం, రాత్రి 9.30)

డాల్ఫిన్ కొండ గారి మాటలో నిజం ఉంది. కానీ అంగడి గొడవ పక్కన పెట్టి, ఆ పద్యాన్నే వేయమని ఒక చిత్రకారుణ్ణి కూర్చోబెట్టినా చిక్కు తీరదు. బొమ్మలు వేసి బతుకుతున్నవాణ్ణి కాబట్టి ఈ చిక్కు నాకు తెలుసు. పద్యానికి ఉన్న ఒక మాట చిత్రానికి లేదు. ఆ మాట "లేదు".

ఆ పద్యంలో ఆరు క్రియలు ఉన్నాయి: చెప్పడు, సంధింపడు, చీరడు, పన్నింపడు, ఒత్తడు, వీడడు. ఆరూ వ్యతిరేకార్థకాలే. విష్ణువు చేసిన పని ఒక్కటీ ఆ పద్యంలో లేదు, చేయనివే ఉన్నాయి. అయినా వింటున్నప్పుడు మనకు కనబడేది పరుగు. "శంఖచక్రాలు చేత పట్టలేదు" అనగానే శంఖమూ చక్రమూ మన మనసులోకి వస్తాయి, వెంటనే ఆ చేతుల నుంచి తొలగిపోతాయి. ఇది మాట మాత్రమే చేయగల పని. నేను చక్రం లేని విష్ణువును వేస్తే చూసేవాడికి కనిపించేది "చక్రం పట్టడం మరచిన విష్ణువు" కాదు, ఎవరో ఒక నీలపు రాజు. చక్రం వేస్తే పద్యం అబద్ధమవుతుంది, వేయకపోతే దేవుడే మాయమవుతాడు.

అయితే ఆ ఆరింటిలో రెండు మాత్రం చిత్రానికి లొంగుతాయని ఇప్పుడు మళ్ళీ చదువుతుంటే గమనించాను. చెవుల దాకా జారిన జుట్టుముడిని సరిచేసుకోలేదు అన్నాడు కాబట్టి జారిన జుట్టు వేయవచ్చు. ప్రణయకలహంలో పట్టుకున్న లక్ష్మీదేవి పైటకొంగును వదల్లేదు అన్నాడు కాబట్టి ఆ కొంగును ఆయన చేతిలో వేయవచ్చు. వదల్లేదు అంటే పట్టుకునే ఉన్నాడని కదా, వ్యాకరణంలో లేదు, కంటికి ఉంది. నాలుగు చేతుల్లో రెండు ఖాళీగా, ఒక చేతిలో చీరకొంగుతో, చెదిరిన జుట్టుతో పరుగెత్తే విష్ణువును పూజగదిలో పెట్టుకుంటారా అన్నది వేరే ప్రశ్న. నాకు అలాంటి బొమ్మ కోసం ఇంతవరకు ఎవరూ బేరం పెట్టలేదు.

సింహాద్రి సంపెంగ (ఆదివారం, రాత్రి 10.10)

కుంచె గారూ, మీ జాబు అమ్మకు చదివి వినిపించాను. పైటకొంగు మాట దగ్గర నవ్వి, "అది పూజగదిలో ఎందుకు, పడకగదిలో పెట్టుకుంటారు" అంది. ఆ పద్యం మాత్రం రోజూ పూజగదిలోనే చదువుతుంది.

పాత తెలుగు మాస్టారు (సోమవారం, ఉదయం 6.20)

అమ్మగారికి నా నమస్కారాలు. ఆ మాటతో ఒక పాత కథ గుర్తుకు వచ్చింది. ఇది చరిత్ర కాదు, మా గురువుల నోట విన్న లోకప్రసిద్ధమైన కథ. ఈ పద్యం విని శ్రీనాథుడు వేళాకోళం చేశాడట. ఆయుధం లేకుండా వెళ్ళి ఏం చేస్తాడయ్యా, మొసలి ఏనుగును తింటుంటే చూసి వస్తాడా అన్నాడట. తరువాత భోజనాల వేళ పోతన శ్రీనాథుని పిల్లవాణ్ణి దాచి, బావిలో పెద్ద రాయి పడేసి, పిల్లవాడు పడ్డాడని కేకపెట్టాడట. శ్రీనాథుడు ఎంగిలిచేత్తో బావి దగ్గరకు పరుగెత్తితే, తాడు ఏదీ, నిచ్చెన ఏదీ అని పోతన అడిగాడట.

ఇక కుంచె గారి వాదానికి చిన్న సవరణ. పోతన విష్ణువు ఆయుధాలు లేకుండానే కొలను దాకా వచ్చాడనుకోకూడదు. "తనవెంటన్ సిరి" పద్యంలో లక్ష్మి, ఆమె వెనుక అంతఃపురం, దాని వెనుక గరుత్మంతుడు, ఆయన పక్కన ధనుస్సు, కౌమోదకి అనే గద, శంఖచక్రాలు, ఆపైన నారదుడు, విష్వక్సేనుడు, చివరకు వైకుంఠంలోని ఆబాలగోపాలమూ వరుసగా కదిలి వస్తారు. ఆయన పిలవలేదు, అవే వెంటబడ్డాయి. మొసలిని ఖండించమని చక్రాన్ని పంపడం, ఆ తరువాత పాంచజన్యం పూరించడం కూడా పోతనలోనే ఉన్నాయి. కనుక చేత శంఖం ఉన్నంత మాత్రాన పటం పోతనకు విరుద్ధం కాదు. ఏ క్షణానికి ఆ పటం అన్నదే ప్రశ్న.

రూళ్ళకర్ర (సోమవారం, ఉదయం 11.45)

మాస్టారు చివర అన్న "ఏ క్షణానికి" అన్నదే అసలు విషయం. లెస్సింగ్ అనే జర్మన్ రచయిత 1766లో లావకూన్ శిల్పం గురించి రాస్తూ దీన్నే పట్టుకున్నాడు. కవిత్వం మాటల వరుస కాబట్టి అది కాలంలో నడుస్తుంది. చిత్రమూ శిల్పమూ స్థలంలో ఉంటాయి కాబట్టి ఒకే క్షణాన్ని పట్టుకోగలవు. అందువల్ల ముందూ వెనకా కూడా ఊహకు అందే క్షణాన్ని చిత్రకారుడు ఎంచుకోవాలంటాడు.

ఆయన ఉదాహరణ మన కథకు బాగా దగ్గర. ట్రాయ్ నగర పూజారి లావకూన్‌ను, ఆయన కొడుకులను సముద్రసర్పాలు చుట్టేస్తాయి. రోమన్ కవి వర్జిల్ కావ్యంలో ఆ పూజారి బలిపీఠం దగ్గర గాయపడి తప్పించుకున్న ఎద్దులా ఆకాశం అదిరేటట్టు అరుస్తాడు. 1506లో రోమ్‌లో తవ్వకంలో దొరికి ఇప్పుడు వాటికన్‌లో ఉన్న శిల్పంలో మాత్రం నోరు కొద్దిగా తెరుచుకుని, మూలుగు బయటికి వస్తున్నట్టుగా ఉంటుంది. పద్యంలో అరుపు ఒక పాదంలో వచ్చి వెళ్ళిపోతుంది. రాతిలో ఆ నోరు ఎప్పటికీ తెరుచుకునే ఉండాలి, అది వికారమవుతుంది అని లెస్సింగ్ వాదన. మీ పటంలోని ఏనుగును చూడండి. కాలు మొసలి నోట్లో ఉన్నా దాని ముఖంలో నొప్పి ఉందా?

సింహాద్రి సంపెంగ (సోమవారం, మధ్యాహ్నం 3.00)

లేదండీ. చిరునవ్వు నవ్వుతున్నట్టే ఉంటుంది. చిన్నప్పుడు ఆ ఏనుగు స్వామికి పువ్వు ఇవ్వడానికి వచ్చిందనుకునేదాన్ని, మొసలిని చాలా ఆలస్యంగా చూశాను.

జాలరిపేట కుర్రాడు (సోమవారం, రాత్రి 8.50)

పెద్దల మధ్య మాట్లాడుతున్నందుకు మన్నించండి. వైకుంఠం గురించే అందరూ రాస్తున్నారు, కొలనులో జరిగిన లాగులాట సంగతి ఎవరూ ఎత్తలేదు. మాకు బడిలో నేర్పిన పద్యం ఇది: "కరి దిగుచు మకరి సరసికి, కరి దరికిని మకరి దిగుచు గరకరి బెరయన్". ఇక్కడి దిగుచు అసలు తిగుచు, అంటే లాగు అని అర్థం. మొసలి ఏనుగును మడుగులోకి, ఏనుగు మొసలిని గట్టుకు లాగుతున్నాయి. కందపద్యం నాలుగు పాదాల్లో రెండో పాదం చివర, నాలుగో పాదం చివర తప్ప అన్నీ లఘువులే.

మా పేటలో ఒడ్డు నుంచి పెద్దవల లాగేటప్పుడు నేనూ తాడు పట్టాను. అటు అల లాగుతుంది, ఇటు మనుషులు లాగుతారు. రెండడుగులు వెనక్కి వస్తే ఒక అడుగు ముందుకు పోతుంది. ఆ పద్యం గట్టిగా చదివితే చేతుల్లో ఆ తాడు ఉన్నట్టే ఉంటుంది, కరి మకరి మకరి కరి అంటూ మాట అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి. పటంలో చూస్తే మొసలి కాలు పట్టుకుని ఉంది, అంతే. ఎవరు గెలుస్తున్నారో తెలియదు, ఎంతసేపటి నుంచి లాగుతున్నారో తెలియదు. మూలంలో వెయ్యేళ్ళు అని ఉందట. వెయ్యేళ్ళను బొమ్మలో ఎలా వేస్తారు?

పాత తెలుగు మాస్టారు (సోమవారం, రాత్రి 9.40)

నాయనా, ఈ పద్యానికి నేను ఇంతకాలం చెప్పిన వ్యాఖ్య కంటే నీ తాడు మెరుగు. మరొక్కటి కూడా గమనించు. బలం ఉడిగిన ఏనుగు "లావొక్కింతయు లేదు" అని మొరపెట్టే పద్యం శార్దూలం, విష్ణువు పరుగు చెప్పే పద్యం మత్తేభం. శార్దూలం మొదటి గురువును రెండు లఘువులుగా విడదీస్తే మత్తేభం అవుతుంది. ఏనుగు మొర పులి పేరున్న వృత్తంలో, దేవుని పరుగు మదపుటేనుగు పేరున్న వృత్తంలో పడ్డాయి. పోతన కావాలని చేశాడని నేను అనను. కానీ "లావొక్కింత" అని మూడు గురువులతో ఈడ్చుకుంటూ మొదలయ్యే గొంతుకూ, "సిరికిం" అని రెండు లఘువులతో ఎగిరి లేచే అడుగుకూ తేడా చెవికి తెలుస్తుంది. రంగులో దీనికి సాటి ఏమిటో కుంచె గారు చెప్పాలి.

కుంచె (మంగళవారం, ఉదయం 7.15)

సాటి లేదండీ. గీత బరువుగా, తేలికగా ఉండగలదు, కానీ ఒకదాని తరువాత ఒకటి వినబడలేదు.

జాలరిపేట తమ్ముడి వెయ్యేళ్ళ ప్రశ్నకు సగం జవాబు ఉంది. లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీద ఉన్న పదహారో శతాబ్దపు చిత్రాల్లో కథ పట్టీలు పట్టీలుగా నడుస్తుంది. ఒకే మనిషి ఒకే పట్టీలో మళ్ళీ మళ్ళీ కనిపిస్తాడు. శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డల్లోనూ అంతే, పైగా ఒక్కో ఘట్టం వెంట తెలుగులో రాత కూడా వేస్తారు. లెస్సింగ్ చెప్పిన ఒకే క్షణం నియమం మన కలంకారీ పనివాళ్ళకు వర్తించదు. వాళ్ళ గుడ్డను చూడటం కాదు, నడుస్తూ చదవాలి.

అయినా ఒక పద్యం దగ్గర ఆ పట్టీలు కూడా చాలవు. భర్త ఎక్కడికి పరుగెత్తుతున్నాడో తెలియని లక్ష్మీదేవి నడక అది: "అడిగెదనని కడువడి జను, నడిగిన దన మగుడ నుడువడని నడ యుడుగున్". అడుగుదామని వడివడిగా నడుస్తుంది, అడిగితే బదులు చెప్పడేమోనని ఆగుతుంది. నేను ఆమె పాదాన్ని ఎత్తి వేయగలను. ఎత్తిన ఆ పాదం ముందుకు పడబోతోందా, ఆగిపోబోతోందా? చూసేవాడు చెప్పలేడు, వేసిన నేనూ చెప్పలేను. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రంలో వజ్రుడనే రాజుతో మార్కండేయుడు అంటాడు కదా, నృత్యశాస్త్రం తెలియకుండా చిత్రశాస్త్రం తెలియడం కష్టమని. కూచిపూడి ఆడే అమ్మాయి ఈ పద్యాన్ని రెండు అడుగుల్లో చూపిస్తుంది. నేను ఆ రెండు అడుగుల మధ్య ఇరుక్కుపోతాను.

డాల్ఫిన్ కొండ (మంగళవారం, మధ్యాహ్నం 1.30)

నేను మొదట తేలికగా కొట్టిపారేసినందుకు ప్రాయశ్చిత్తంగా ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వెళ్ళి ఒక పూట బొమ్మల పుస్తకాలు తిరగేశాను. చిత్రానికి "లేదు" అనే మాట లేదని కుంచె గారు చిత్రకారుల తరఫున మరీ ఒదిగిపోతున్నారని నా అభిప్రాయం. చిత్రం తన మాటను మరోచోట చెబుతుంది, అది ఎవరిని ఎక్కడ ఎంత పెట్టాలన్న చోట.

బ్రూగల్ అనే చిత్రకారుడి పేరు మీద బ్రస్సెల్స్‌లో ఒక చిత్రం ఉంది. మైనంతో అతికిన రెక్కలతో సూర్యుడి దగ్గరకు ఎగిరి సముద్రంలో పడిపోయిన ఇకారస్ కథ అది. రోమన్ కవి ఓవిడ్ కావ్యంలో గాలం వేసేవాడు, గొర్రెల కాపరి, నాగలి పట్టినవాడు ముగ్గురూ ఆకాశంలో ఎగురుతున్న ఆ తండ్రీకొడుకులను చూసి, దేవుళ్ళేమో అని నివ్వెరపోతారు. చిత్రంలో ఆ ముగ్గురూ ఉన్నారు, కానీ మునుగుతున్న పిల్లవాడి వైపు ఒక్కరూ చూడరు. దుక్కి దున్నేవాడు అందరికంటే పెద్దగా ముందున్నాడు. ఇకారస్ అంటే ఒక మూల నీళ్ళ మీద రెండు కాళ్ళు మాత్రమే. "ఎవరూ పట్టించుకోలేదు" అన్న మాటను ఆ చిత్రకారుడు ఒక్క అక్షరం లేకుండా చెప్పాడు. అది "లేదు" కాకపోతే మరేమిటి?

ఇంకొకటి. ఉత్తరప్రదేశ్‌లోని దేవగఢ్ దశావతార ఆలయం గోడ మీద గుప్తుల కాలపు గజేంద్రమోక్ష శిల్పం ఛాయాచిత్రం చూశాను. విష్ణువు గరుత్మంతుని మీదే ఉన్నాడు. కానీ అక్కడ మొసలి లేదు! ఏనుగు కాళ్ళను చుట్టింది పాము, ఆ నాగుడు చేతులు జోడించి దేవుని ముందు ఉన్నాడు. మాస్టారు గారూ, మొసలి పాము ఎలా అయింది?

పాత తెలుగు మాస్టారు (మంగళవారం, సాయంత్రం 5.10)

సంస్కృతంలో "గ్రాహం" అంటే పట్టుకునేది అని అర్థం. మాట అలా విశాలంగా ఉన్నప్పుడు కవికి ఇబ్బంది లేదు, పట్టుకుంది అంటే చాలు. ఉలి పట్టినవాడు మాత్రం పట్టుకున్న నోటికి పళ్ళు ఉండాలా, పడగ ఉండాలా అని నిర్ణయించుకోక తప్పదు. ఇలాంటి బలవంతపు నిర్ణయం మన వైకుంఠంలో కూడా ఉంది. "ఆ మూల సౌధంబు దాపల" అన్నాడు పోతన. దాపల అంటే ఎడమ పక్క అని నిఘంటువు చెబుతుంది, దగ్గర అని అర్థం చెప్పేవారూ ఉన్నారు. నేను ముప్పై ఏళ్ళు రెండూ చెప్పి తప్పించుకున్నాను. చిత్రకారుడు మందారవనాన్ని ఎక్కడో ఒకచోట నాటి తీరాలి.

మాటకు మాత్రమే చెల్లే విద్య మరొకటి ఉంది. చక్రం మొసలిని నరికిన తరువాత పోతన ఒక చమత్కారం చేస్తాడు. ఒక మకరం సూర్యుణ్ణి చేరిందట, మరొకటి కుబేరుని చాటున దాక్కుందట, సముద్రంలో తిరిగే మకరాలు కూర్మరాజు మరుగుకు పోయాయట. మొదటిది మకరరాశి, రెండోది కుబేరుని నవనిధుల్లోని మకరనిధి. భయపడి పారిపోయింది ఒక్క మాటే. సూర్యబింబంలో దూరుతున్న మొసలిని బొమ్మగా వేస్తే పిల్లలు నవ్వుతారు, శ్లేష మాత్రం తెలియదు.

రూళ్ళకర్ర (మంగళవారం, రాత్రి 8.00)

డాల్ఫిన్ కొండ గారి ఇకారస్ వాదన బలమైనదే. కానీ ఒక తేడా గమనించాలి. ఆ చిత్రం చూసేవాడికి ఓవిడ్ కథ ముందే తెలియకపోతే ఆ కాళ్ళు ఎవరో ఈతగాడివి. అక్కడ "లేదు" అనేది చిత్రంలో లేదు, మనం వెంట తెచ్చుకున్న పద్యానికీ కళ్ళ ముందున్న బొమ్మకూ మధ్య ఉంది. సంపెంగ గారి అమ్మగారికి తేడా తోచకపోవడానికి కారణం కూడా అదే కావచ్చు.

సింహాద్రి సంపెంగ (మంగళవారం, రాత్రి 10.20)

రూళ్ళకర్ర గారి మాట అమ్మను నేరుగా అడిగాను. ఆమె చెప్పింది నా మాటల్లో కాకుండా ఆమె మాటల్లోనే రాస్తాను. "కలడందురు దీనుల యెడ అని మొదలుపెట్టి కలడో లేడో అని ఏనుగు అనుమానపడుతుంది కదే. అది చదివేటప్పుడు స్వామి ఇంకా రాలేదు, వస్తాడో రాడో దానికి తెలియదు. పటంలో మాత్రం స్వామి వచ్చేసి ఉన్నాడు. నాన్నగారికి బాగోలేనప్పుడు పద్యం నోటికి వచ్చేది కాదు, పటం చూస్తూ కూర్చునేదాన్ని."

ఇది విన్నాక నాకు తోచింది ఒకటి ఉంది. పటంలో మొరపెట్టినవాడూ విన్నవాడూ ఒకే చట్రంలో, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరలో ఉంటారు. పద్యంలో వారి మధ్య ఎంతో దూరం ఉంది. వైకుంఠం, అందులో నగరు, అందులో ఒక మూల మేడ, మందారవనం, అమృతసరస్సు, చంద్రకాంత శిల, కలువల పానుపు అంటూ ఒక్కో తలుపూ తెరుచుకుంటూ లోపలికి వెళితే గాని ఆయన కనబడడు. "కలడో లేడో" అన్న సందేహం ఆ దూరంలో బతుకుతుంది. ఆయనను ఆకాశంలో వేసిన క్షణాన చిత్రకారుడు ఆ సందేహాన్ని చెరిపేస్తాడు. అది లోపమా అంటే, నాన్నగారి మంచం పక్కన కూర్చున్న అమ్మకు కాదు.

డాల్ఫిన్ కొండ (బుధవారం, ఉదయం 8.05)

అమ్మగారి మాట ముందు నా బ్రూగల్ నిలవదు. ఇక నేను వినేవాడినే.

కుంచె (శనివారం, రాత్రి 11.50)

నాలుగు రోజులు ఇటు రాలేదు, కారణం ఉంది. డాల్ఫిన్ కొండ గారు "లేదు" చెప్పవచ్చునని పందెం వేసినట్టుగా రాయడం వల్ల పట్టుదల వచ్చి, మూడడుగుల గుడ్డ ఒకటి బిగించి మొదలుపెట్టాను. ఛాయాచిత్రం జత చేస్తున్నాను. నీటి రంగులతో వేసిన తొలి ప్రయత్నం, వంకలు ఉంటాయి.

విష్ణువును వేయకూడదని నిర్ణయించుకున్నాను. ఆయన వెళ్ళిపోయిన మరుక్షణం ఇది. కలువల పానుపు మీద మనిషి కూర్చుని లేచిన ఒత్తుడు మాత్రమే ఉంది. పక్కన పీట మీద శంఖం బోర్లా పడి ఉంది, చక్రం గోడకు ఆనించినది ఆనించినట్టే ఉంది. దూరాన మేడ గుమ్మం దగ్గర గరుత్మంతుడు రెక్క కింద తల పెట్టుకుని కునుకు తీస్తున్నాడు. చెప్పలేదు, పట్టలేదు, పిలవలేదు, సిద్ధం చేయలేదు అన్న నాలుగింటినీ ఆయన వదిలి వెళ్ళిన వస్తువులతో చెప్పించాలని నా ఆలోచన. లక్ష్మీదేవి ఒక పాదం ఎత్తి నిలబడింది. ఆ పాదం సంగతి మీరే తేల్చుకోండి. ఆమె పైటకొంగు మాత్రం తాడులా బిగిసి, చట్రం కుడి అంచు దాకా సాగి అక్కడ ఆగిపోతుంది. దాన్ని పట్టుకున్న చెయ్యి చట్రం బయట ఉంది. తాడు ఎంత బిగువుగా ఉంటుందో జాలరిపేట తమ్ముడి దగ్గర నేర్చుకున్నాను.

జాలరిపేట కుర్రాడు (ఆదివారం, ఉదయం 7.30)

అన్నా, ఆ కొంగు చూడగానే నేను నిజంగానే కుడిపక్కకు చూశాను, ఫోనులో ఆ పక్క ఏమీ లేదని తెలిసి కూడా.

పాత తెలుగు మాస్టారు (ఆదివారం, ఉదయం 9.00)

కుంచె గారూ, అయిదో "లేదు" మాత్రం మీకు దక్కలేదు. చెదిరిన జుట్టు ఆయనతో పాటు వెళ్ళిపోయింది. అయినా మిగతా అయిదింటినీ వేశారు, అది చిన్న పని కాదు. మందారవనాన్ని ఎడమవైపు నాటారు గనుక నిఘంటువు పక్షం వహించారని గ్రహించాను.

రూళ్ళకర్ర (ఆదివారం, ఉదయం 10.25)

శంఖచక్రాలను పట్టకపోవడం ఇక్కడ కనబడుతోంది నిజమే. కానీ పద్యం తెలియనివాడికి ఇది భర్త అలిగి వెళ్ళిపోయిన ఇల్లు. చక్రం ఉన్నా దేవుడని తెలుస్తుంది గాని, ఎందుకు వెళ్ళాడో తెలియదు.

సింహాద్రి సంపెంగ (ఆదివారం, మధ్యాహ్నం 12.40)

పటం అంగడి నుంచి కొత్త అద్దంతో వచ్చింది. అమ్మకు కుంచె గారి బొమ్మను పెద్దగా చేసి చూపించాను. చాలాసేపు చూసింది. కునుకు తీస్తున్న గరుత్మంతుణ్ణి చూసి నవ్వింది, పానుపు మీది ఒత్తుడు మీద వేలు పెట్టింది. తరువాత నన్ను అడిగింది: "అంతా బాగుంది, ఏనుగేదీ?"

కుంచె (ఆదివారం, మధ్యాహ్నం 1.15)

ఏనుగు లేదమ్మా. ఏనుగు పెడితే దూరం పోతుంది. ఏం చేయాలో నాకూ తోచడం లేదు.

సింహాద్రి సంపెంగ (ఆదివారం, రాత్రి 9.05)

అమ్మకు మీ జవాబు చెప్పాను. సాయంత్రం పాత పటాన్ని తానే మేకుకు తగిలించుకుంది. మీ బొమ్మ పూర్తయ్యాక ఎంతకు ఇస్తారో కనుక్కోమంది, దాని కోసం పాత పటం పక్కనే ఇంకో మేకు కొట్టించమంది. ఏ పక్కన అంటే "దాపల" అంది. మాస్టారు గారూ, ఎడమ పక్కనా, దగ్గరగానా అని అడిగితే, గోడ మీద ఎడమ పక్కన జానెడు దూరంలో సుద్దముక్కతో గుర్తు పెట్టి చూపించింది.